తాహా హుసేన్ బడి రోజులు

ఈజిప్టు దేశపు రచయిత, విద్యామంత్రిగా కూడా చేసిన డాక్టర్ తాహా హుసేన్ పేరు మన పెద్దలు చాలామంది వినే ఉంటారు. ఆయన గొప్పతనం గురించి అందరూ రాస్తారు. యూనివర్సిటీ గడప తొక్కక ముందు ఆ అంధబాలుడు ఏమేమి పడ్డాడో మేము రాయదలిచాము. బడిపంతుళ్ళం గనుక మాకు ఆ భాగమే ముఖ్యం.

1889లో మఘాఘా దగ్గరి పల్లెలో పుట్టాడు. తండ్రికి 13 మంది సంతానంలో 7వవాడు. పసితనంలో కళ్ళకలక వస్తే కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మంగలిచేత వైద్యం చేయించారు, చూపు పోయింది.

ఊళ్ళో కుత్తాబ్ ఉండేది, మన మక్తబ్ లాంటిదే. తొమ్మిదేళ్ళు నిండకుండానే ఖురాన్ కంఠస్థం చేశాడు. ఇంట్లో 'షేక్' అని పిలవసాగారు. కాని ఉస్తాద్ గారు మళ్ళీ వల్లె వేయించలేదు. ఒకనాడు తండ్రి సూరా షుఅరా చదవమంటే మొదటి అక్షరాలు దాటి నోరు పెగలలేదు. ఇందులో పిల్లవాని తప్పేముంది? పుస్తకం తిప్పి చూసుకోగలవాడు వేరు, ఎవరో వినిపిస్తేనే గాని పాఠం లేనివాడు వేరు.

ఒక రాత్రి భోజనంలో ముద్దను రెండు చేతులతో తీసుకున్నాడు. అన్నలు నవ్వారు, తల్లి ఏడ్చింది, తండ్రి మెల్లగా తప్పని చెప్పాడు. ఆ తర్వాత చెంచాతో తినాల్సిన వంటకాలే మానేశాడు. 'అల్ అయ్యామ్' అనే ఆత్మకథలో ఇదంతా తానే రాసుకున్నాడు.

1902లో అన్నవెంట కైరోకు, అల్ అజ్‌హర్‌కు వెళ్ళాడు. అక్కడ పరీక్ష చేసినాయన పేరు పెట్టి పిలవక గుడ్డివాడా అని పిలిచాడు. అన్న పాఠాలకూ స్నేహితుల దగ్గరకూ పోతే గదిలో గంటల తరబడి ఒంటరిగా కూర్చునేవాడు. పినతల్లి కొడుకు తోడుకు వచ్చాక గాని ఆ బాధ తీరలేదు. 1908లో కొత్తగా తెరిచిన యూనివర్సిటీలో చేరాడు. 1914లో అక్కడి మొదటి డాక్టరేటు ఇతనిదే. విషయం అబుల్ అలా మఅర్రీ, ఆయనా అంధకవే! 1950లో మంత్రి అయ్యాక హైస్కూలు ఫీజులు ఎత్తేయించాడు.

మన దగ్గర చూపు లేని పిల్లవాణ్ణి హిఫ్జ్‌లో వేసి ఊరుకోవడం, కాలు సరిగాలేని ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం మేము చూస్తూనే ఉన్నాము. హిఫ్జ్ గొప్పదే, కాదనము. తాహా కూడా దానితోనే మొదలెట్టాడు, అక్కడే ఆగలేదు. 2016 చట్టం ప్రకారం 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కుగా ఉంది. పై చదువుల్లో ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలు కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి. మీ వీధిలో అలాంటి పిల్లలెవరైనా బడికి పోకుండా ఉంటే పేర్లు సొసైటీలో చెప్పండి. సర్టిఫికెట్టు కోసం వెంట రావడానికి మేము సిద్ధంగా ఉన్నాము.