పెరటి బిళ్ళగన్నేరు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనలో ఒక సామెత కలదు. చేరువనున్న వస్తువునకు విలువ కట్టలేని మన స్వభావమును అది ఎత్తిచూపును. ఈ సామెతకు బిళ్ళగన్నేరు కంటె తగిన ఉదాహరణము దొరకుట కష్టము. నీరు పోయువారు లేకున్నను, గోడవారను ఏడాది పొడుగున గులాబివన్నె పూవులో తెల్లని పూవులో పూయుచుండు ఈ మొక్కను ఎరుగనివారు మనలో అరుదు. పశువులు మాత్రము దీని జోలికి పోవు. ఆకులోని చేదునందే ఈ కథ అంతయు ఇమిడియున్నది.

ఈ మొక్కకు పుట్టినిల్లు ఆఫ్రికా తీరమునకు తూర్పుననున్న మడగాస్కరు ద్వీపము. 18వ శతాబ్దమున దీని విత్తనములు పారిస్ నగరమునకును, అటుపిమ్మట లండనులోని చెల్సీ ఔషధవనమునకును చేరినవి. 1759లో స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి వింకా రోజియా అని పేరిడెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని కాథరాంథస్ రోజియస్ అందురు. ఓడలతోపాటు ఉష్ణదేశములకెల్ల వ్యాపించిన ఈ మొక్క, పోయిన పలుచోట్ల నాటువైద్యములో చోటు సంపాదించుకొనెను. వెస్టిండీసులోని జమైకా ద్వీపమున దీని ఆకుల కషాయమును మధుమేహమునకు మందుగా త్రాగుచుండిరి.

1952లో జమైకానుండి ఒక కవరులో ఈ ఆకులు కొన్ని కెనడాకు వచ్చినవి. వానిని అందుకొనిన డాక్టరు క్లార్క్ నోబుల్, ఇన్సులిన్ వెలువడిన తొలి దినములలో టొరంటో నగరమున ఆ పరిశోధనలో పాల్గొనినవాడు. మధుమేహమునకు మందు అనగానే ఆయనకు ఆసక్తి కలిగెను. కాని అప్పటికే ఆయన విశ్రాంతి తీసికొనుచుండుటచే, ఆకులను వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయమున పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపెను.

కషాయమును జంతువులకు నోటిద్వారా పట్టి చూచిరి. రక్తములోని చక్కెర తగ్గలేదు. సారమును సూదిద్వారా ఎక్కించిరి. అప్పుడును తగ్గలేదు సరిగదా, కొలది దినములలో ఎలుకలు చచ్చినవి. మధుమేహమునకు మందు కావలెనని బయలుదేరినవారు అంతటితో ఆకులను పారవేసియున్నచో తప్పుపట్టువారు లేరు. రాబర్ట్ నోబుల్ అట్లు చేయలేదు. ఎలుకలు ఎందుకు చచ్చినవని అడిగెను. పరీక్షింపగా, వాని శరీరములో సూక్ష్మజీవులు విజృంభించియుండెను. వానిని ఎదుర్కొనవలసిన రక్తములోని తెల్లకణములు క్షీణించియుండెను. ఆ కణములను పుట్టించు ఎముక మూలుగయే దెబ్బతినియుండెను.

ఇచ్చటనే ఆలోచన మలుపు తిరిగినది. తెల్లకణములు అదుపు తప్పి పెరుగు వ్యాధి ఒకటి కలదు. అదియే ల్యూకీమియా అను రక్తపు కేన్సరు. ఆరోగ్యవంతుని పాలిటి విషము ఆ రోగికి మందు కారాదా? 1954లో చార్లెస్ బీర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ ప్రయోగశాలలో చేరి, ఆకులనుండి విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును వేరుచేసెను. 1958లో న్యూయార్కు నగరమున ఈ ఫలితమును ప్రకటించిరి. అమెరికాలో ఎలై లిల్లీ అను మందుల కంపెనీవారును అదే మొక్కపై వేరుగా పనిచేయుచుండిరి. అచ్చట గార్డన్ స్వబోడా అను శాస్త్రజ్ఞుడు విన్‌క్రిస్టిన్ అను మరియొక పదార్థమును తీసెను. 1963లో అమెరికా ప్రభుత్వము దానిని మందుగా అంగీకరించెను.

ఈ మందులు పనిచేయు తీరు తెలిసికొనదగినది. కణము రెండుగా చీలునపుడు, క్రోమోజోములను ఇరువైపులకు చేర్చుటకై లోపల సన్నని పోగులు ఏర్పడును. ట్యూబులిన్ అను ప్రొటీను ఇటుకలవలె ఒకదానిపై ఒకటి చేరి ఆ పోగులగును. బిళ్ళగన్నేరు మందులు ఆ ఇటుకలను పట్టుకొని పేర్పు సాగనీయవు. విభజన ఆగిపోయి కణము నశించును. వేగముగా విభజన చెందు కేన్సరు కణములకు దెబ్బ ఎక్కువ తగులును. అయితే విన్‌బ్లాస్టిన్ ఎముక మూలుగను, విన్‌క్రిస్టిన్ నరములను బాధింపగలవు. కావున వైద్యుడు రక్తపరీక్ష చూచుకొనుచు, మోతాదు లెక్కగట్టి, రక్తనాళములోనికి మాత్రమే ఎక్కించును.

ఆకులో ఈ పదార్థములు మిక్కిలి స్వల్పము. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయుటకు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలెను. విండోలైన్, కాథరాంథిన్ అను రెండు ఆల్కలాయిడులు కలసినగాని ఆ పదార్థము ఏర్పడదు. ఆ రెండింటిలో మొదటిది ఆకు లోపలి కణములలోను, రెండవది ఆకు ఉపరితలపు మైనములోను ఉండునని 2010లో తేలినది. ఒకే ఆకులో ఉండియు అవి కలిసికొనుట అరుదు. 2022లో ఈస్టు కణములచే ఆ రెండింటిని తయారు చేయించి, వానిని కలిపి విన్‌బ్లాస్టిన్ పొందగలిగిరి.

ఈ చరిత్రలో తెలుగువారికి సంబంధించిన పుట ఒకటి కలదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు కొన్ని టన్నుల పాలకూరనుండి ఒక విటమినును వేరుచేసి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమనిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో ఆ విటమినును కృత్రిమముగా తయారుచేసిరి. దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ కూడ అచ్చటనే రూపొందినది. 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని ల్యూకీమియా సోకిన పిల్లలకీయగా, వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గెను. అంతకుముందు ఆ పిల్లలు కొలది మాసములలోనే తల్లిదండ్రుల కన్నులయెదుట రాలిపోవుచుండిరి. తరువాత ఆ జాతి మందులకు విన్‌క్రిస్టిన్ తోడయ్యెను. పలుమందులను కలిపి ఇచ్చు ఈ పద్ధతివలన, మంచి చికిత్స అందు దేశములలో ఈ వ్యాధిలో సామాన్యముగా కనబడు రకము సోకిన పిల్లలు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది నేడు బ్రతుకుచున్నారు.

మధుమేహమునకు ఈ ఆకులు నమలుమని సలహా చెప్పువారు నేటికిని కలరు. అట్టివారు నోబుల్‌గారి ఎలుకలను జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏ ఆకునందు ఏ పదార్థము ఎంత కలదో నమలువానికి తెలియదు. పెరటి చెట్టు మందుకు పనికివచ్చినది. అయితే పెరటినుండి నేరుగా నోటికి రాలేదు. ఒక కవరులో బయలుదేరి, చచ్చిన ఎలుకను చూచి ఎందుకని ప్రశ్నించిన మనుష్యుని చేతులమీదుగా, పసిబిడ్డల మంచము చెంతకు చేరినది.