ఉద్యోగ తొలగింపు కేసులు: మధ్యవర్తి తీర్పుపై కోర్టు పరిశీలన

పనిలోంచి తీసేసిన కార్మికుడి గొడవను యాజమాన్యం, యూనియన్ కలిసి ఎంచుకున్న మధ్యవర్తి తేల్చేశాక, ఆ తీర్పును కోర్టు తిరగదోడవచ్చా? భారతదేశంలో ఈ ప్రశ్న తేలడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

కార్మిక తగవుల్లో పెద్దమనిషి తీర్పు మన దేశానికి కొత్త కాదు. 1918 అహ్మదాబాద్ మిల్లు సమ్మె గాంధీజీ నిరాహార దీక్ష తర్వాత మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చేతికి వెళ్లింది. ఆయన 35 శాతం వేతన పెంపు ఇచ్చారు. ఇలాంటి ఏర్పాటుకు 2025 వరకు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో చోటు దొరికింది మాత్రం 1956 సవరణతోనే. కొత్తగా చేరిన 10ఏ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే వివాదాన్ని తమకు నమ్మకమున్న వ్యక్తికి అప్పగించే వీలుండేది. వ్యాపార ఒప్పందాలకు వర్తించే మధ్యవర్తిత్వ చట్టం దీనికి వర్తించేది కాదు. మరి తీర్పు తప్పయితే ఎక్కడికి వెళ్లాలి?

1962లో హింద్ సైకిల్స్ కేసులో సుప్రీంకోర్టు సగం జవాబే ఇచ్చింది. 10ఏ మధ్యవర్తి ట్రిబ్యునల్ కాదు, కాబట్టి రాజ్యాంగంలోని 136వ అధికరణ కింద నేరుగా తన దగ్గరికి అప్పీలు కుదరదంది. 1975 డిసెంబరులో బిహార్‌లోని డాల్మియానగర్‌కు చెందిన రోహతాస్ ఇండస్ట్రీస్ కేసు మిగతా సగం తేల్చింది. సమ్మె వల్ల వచ్చిన నష్టాన్ని కార్మికులే కట్టాలని మధ్యవర్తులు చెప్పగా, ఆ తీర్పుపై హైకోర్టు రిట్ చెల్లుతుందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తొలగింపుల విషయంలో అసలు మలుపు మళ్లీ అహ్మదాబాద్ నుంచే వచ్చింది. 1973లో గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కంపెనీ సమ్మె చేసిన ఎనిమిది వందల మందికి పైగా కార్మికులను ఒక్కపెట్టున తీసేసింది. విచారణ లేదు. ఉత్తర్వుల్లో శిక్ష అన్న మాట రాకుండా, మామూలుగా సర్వీసు ముగించినట్టు రాశారు. మధ్యవర్తి యాజమాన్యం చేసింది సరేనన్నారు, గుజరాత్ హైకోర్టు కాదంది. 1979 నవంబరులో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ డి.ఎ. దేశాయ్ హైకోర్టు పక్షాన నిలిచారు. ఉత్తర్వులోని పదాలను పక్కనపెట్టి, వెనకున్న కారణం చూస్తే అది సమ్మెకు వేసిన శిక్షేనని తేల్చారు.

అంతకన్నా పెద్ద చిక్కు 11ఏ సెక్షన్‌ది. శిక్ష మరీ ఎక్కువైతే తగ్గించే అధికారాన్ని 1971లో లేబర్ కోర్టులకు, ట్రిబ్యునళ్లకు ఇచ్చిన ఈ సెక్షన్‌లో మధ్యవర్తి పేరే లేదు. అయితే దీనికి ప్రేరణగా నిలిచిన 1963 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫార్సులో, తొలగింపుపై అప్పీలు వినగలిగినవారిలో మధ్యవర్తి కూడా ఉన్నాడు. ఆ బలంతో ఇద్దరు న్యాయమూర్తులు అధికారం మధ్యవర్తికీ ఉందన్నారు. జస్టిస్ ఎ.డి. కోశల్ విభేదించారు. పదాల లెక్కన ఆయన వాదనకు బలముంది. కానీ వందల కుటుంబాల కూడు ఆధారపడిన చోట చట్టం ఉద్దేశాన్ని చూడటమే న్యాయం.

అమెరికా దారి వేరు. 1960లో ఎంటర్‌ప్రైజ్ వీల్ కేసులో, సహోద్యోగి తొలగింపుకు నిరసనగా పని మానేసిన కార్మికులను కంపెనీ పంపేసింది. పది రోజుల సస్పెన్షన్ చాలు, తిరిగి తీసుకోండని మధ్యవర్తి చెప్పారు. తీర్పు ఉమ్మడి ఒప్పందం నుంచి పుట్టినదైతే దాని మంచిచెడ్డలు కోర్టులు చూడవని అక్కడి సుప్రీంకోర్టు నిర్ణయించింది. అక్కడ కోర్టు జోక్యం చేసుకోకపోవడం కార్మికులకు రక్ష అయితే, ఇక్కడ జోక్యమే రక్ష అయింది.

ఇటీవలి తగవులు కంపెనీ ముందే రాసిపెట్టిన నియామక పత్రాల్లోని ఆర్బిట్రేషన్ షరతు చుట్టూ తిరుగుతున్నాయి. పారిశ్రామిక వివాదాల చట్టం పరిధిలోని వివాదాలను ఇలాంటి ప్రైవేటు ఆర్బిట్రేషన్‌కు పంపలేమని 2012లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ కేసులో బొంబాయి హైకోర్టు చెప్పింది. ఆ చట్టం నిర్వచించిన ‘వర్క్‌మన్’ కోవలోకి రాని మేనేజర్లకు ఈ రక్ష ఉండేది కాదు. వారికి మిగిలేది 1996 మధ్యవర్తిత్వ చట్టంలోని 34వ సెక్షన్. దాని కింద కోర్టు సాక్ష్యాలను మళ్లీ తూచదు.