నదిలోని పంచాయతీ

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, అలంపురము ప్రాంతమును జనులు నడిగడ్డ యందురు. గద్వాలకు సమీపమున కృష్ణానది రెండు పాయలుగా చీలి మరల కలియుచోట మఱియొక చిన్న గడ్డ కలదు. కోస్తాలో నిట్టి భూమి లంక. మన మెట్టసీమలో గడ్డ. దీనిపేరు గుర్రంగడ్డ. గద్వాల ప్రభువుల గుర్రము లిచ్చట మేసెడివని జనుల మాట. అది నిజమైనను కాకున్నను, పాలకులకీ ద్వీపము మేతబీడుగా జ్ఞాపకమున్నది గాని మనుష్యులు కాపురముండు చోటుగా జ్ఞాపకములేదని యా పేరే చెప్పుచున్నది.

గద్వాల సంస్థానము నిజాముకు కప్పము గట్టుచు లోపలి పాలనము తానే నడుపుకొనెడిది. పండితులను పోషించి విద్వద్గద్వాల యని కీర్తి గడించినది. శాలువ లిచ్చిన దొరలు రేవునకొక మంచి పడవ నిచ్చిరా యని యడిగిన చరిత్రకారులు మాత్ర మరుదు.

పల్లెలలో ప్రభుత్వమనగా పటేలు, పట్వారీలే. ఆ పదవులు వంశపారంపర్యములు. 1984లో రద్దగువఱకు నిలిచినవి. పొలము లెక్క దస్త్రములో నుండును; దస్త్రము పట్వారి యింట నుండును. తక్కిన యూళ్ల రైతు ఆ యింటికి నడచిపోవును. పట్వారి యావలి యొడ్డువాడైనచో ద్వీపమందలి రైతు తన పొలమెంతయో తెలిసికొనుటకే నది దాటవలెను.

నిజాము కాలమున గద్వాల రాయచూరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకృతమైనప్పుడు మహబూబునగరమున చేరినది. 2016 అక్టోబరు 11న తానే జిల్లా కేంద్రమైనది. ఇల్లు కదలలేదు, చేను కదలలేదు. అర్జీ పట్టుకొని పోవలసిన యూరు మాత్రము రెండుమార్లు మాఱినది. విచిత్రమేమన, 1959లో నెహ్రూ ఉమ్మడి మహబూబునగరము జిల్లాలోని షాద్‌నగరమున పంచాయతీరాజ్యము నారంభించినదియు నా అక్టోబరు 11వ తేదీనే.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము చిన్న పల్లెలకును తండాలకును స్వంత పంచాయతీల నిచ్చినది. రాష్ట్రమున వాని సంఖ్య పండ్రెండువేలు దాటినది. గుర్రంగడ్డకును నేడు తన పంచాయతీ కలదు. సర్పంచి ఊరిలోని మనిషి. గ్రామసభ ఊరిలోనే కూడును. ఇది స్వల్పలాభము కాదు. కాని చట్టము వ్రాసినవారి కన్నుల యెదుట నున్నది బాటగల యూరు. ఎగువనున్న జూరాల ఆనకట్ట ద్వారములెత్తి వరదనీరు విడిచినప్పుడు పుట్టి గాని పడవ గాని సాగదు. వైద్యుడు, తహశీలుదారు, అంగడి ఆ యొడ్డున. ప్రసవవేదన పడు ఇల్లాలు ఈ యొడ్డున. గ్రామసభ యెంత చక్కని తీర్మానము చేసినను ఆ దినమున దానిని నది దాటించువాడు లేడు.

వంతెన వచ్చునను మాట ఏండ్ల తరబడి సాగినది. వంతెన కావలసినదే. అయితే అంతవఱకు పడవను ఎవరి దయగానో విడువనేల? ఇతర గ్రామముల లెక్కలలో బాట మరమ్మతు క్రింద వ్రాయు సొమ్ము ఈ ద్వీపమున పడవకును, పడవవాని జీతమునకును, మెడదొడుగు తేలుడు చొక్కాలకును వ్రాయవచ్చును. నిండు చూలాలిని వరదకు ముందే ఆవలియొడ్డు చేర్చి, అచ్చట బస చూపుట కూడ పంచాయతీ పనులలో చేర్చవచ్చును. జూరాల ద్వారము లెత్తుటకు ముందు కబురు మొదట చేరవలసినదియు ఈ సర్పంచికే.