ఎగ్మోరులో ఉండిపోయిన అమరావతి

చెన్నైలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకి ఎగ్మోరు అనగానే రైల్వే స్టేషనే గుర్తొస్తుంది. వీకెండు వస్తే మహాబలిపురం, లేకపోతే ఏదో ఒక మాలు. ఊరునుంచి అమ్మానాన్నలు వస్తే మెరీనా, కపాలీశ్వరుడి గుడి. స్టేషనుకి దగ్గర్లోనే పాంథియన్ రోడ్డులో ప్రభుత్వ మ్యూజియం ఉందనీ, అందులో ఒకప్పటి మన గుంటూరు జిల్లా ఊరు ఒకటి ముక్కలుముక్కలుగా ఉందనీ చాలామందికి తెలీదు. మొదట్లో నాకూ తెలీదు లెండి.

కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం (1814) తర్వాత మనదేశంలో పాతది ఇదే. 1851లో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే డాక్టరుగారి చేతిలో మొదలైంది. ఆయన జనాన్ని రప్పించడానికి జంతువుల్ని కూడా పెట్టాడు. వండలూరులో ఇప్పుడున్న జూ కథ అక్కడే మొదలైంది. రాళ్లని చూడ్డానికి జనం రారన్న సంగతి అప్పుడే కనిపెట్టేశాడన్నమాట :)

ఇక అసలు కథ. అమరావతి మహాస్తూపం క్రీస్తుకి పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి పెద్దదయింది. అడ్డుకొలత దాదాపు 50 మీటర్లు. తెల్లవాళ్లు 'అమరావతి మార్బుల్స్' అన్నారుగానీ అది చలువరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. బౌద్ధం పోయాక స్తూపం మట్టిలో కలిసిపోయి దీపాలదిన్నె అయింది. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరావతిలో కొత్త ఊరు కట్టించారు. ఊరికి రాయి కావాలి, పక్కనే దిబ్బలో చెక్కిన రాయి సిద్ధంగా ఉంది. ఇంకేం, తవ్వారు. ఇక్కడ మనం తెల్లవాళ్లని తిట్టడానికి లేదు.

1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని దగ్గర పెట్టుకుని దక్షిణాది చరిత్రంతా పోగుచేసిన మెకంజీయే ఈయన. 1816లో మళ్లీ వచ్చి, మిగిలిన రాళ్లకి కొలతలతో సహా బొమ్మలు గీయించాడు. తర్వాత వాటిల్లో చాలా రాళ్లు మాయమైపోయాయి. మనకి మిగిలింది ఆ బొమ్మలే. ప్రొడక్షను సర్వరు పోయి బ్యాకప్పు ఒక్కటే మిగిలినట్టు. ఆ బ్యాకప్పు కూడా లండన్లోనే, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి, దొరికినవాటిని మద్రాసుకి పంపించాడు. అవి ఏళ్లతరబడి ఎండకి ఎండి వానకి తడిశాయి. 1859లో ఓడెక్కించి లండన్ పంపారు. అక్కడైనా హారతులిచ్చి దింపుకున్నారా అంటే అదీ లేదు. కొన్నాళ్లు గోదాములో, ఆ తర్వాత ఒక బండ్ల కొట్టంలో పడున్నాయి. 1867లో ఫెర్గుసన్ అనే ఆయన వాటిని వెతికి పట్టుకుంటేగానీ లోకానికి తెలీలేదు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అక్కడున్నవి సుమారు 120.

ఎగ్మోరులో అంతకంటే ఎక్కువే ఉన్నాయి. అవి ఆ తర్వాతి తవ్వకాలవి. 1877లో సూయెల్ తవ్వాడు. 1880లో గవర్నరుగారు దిబ్బ మొత్తం ఖాళీ చేయించమన్నారు. ఆ తర్వాత బర్జెస్ వచ్చి చూస్తే స్తూపం ఉండాల్సిన చోట ఉన్నది పెద్ద గొయ్యి. మిగిలిన రాళ్లని ఏం చెయ్యాలన్న తగువులో హెచ్.హెచ్. కోల్ అనే అధికారి ఒకడు అడ్డం తిరిగాడు. రాళ్లని వాటి చోటే ఉంచి కాపాడాలి, మ్యూజియాలకి కావాలంటే అచ్చులు పోసి పంపండి అన్నాడు. ఆయన మాట నెగ్గలేదు. రాళ్లు మద్రాసు చేరి, సిమెంటుతో గోడల్లోకి బిగుసుకుపోయాయి. నన్నడిగితే ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి ఆ ఓడిపోయిన కోల్.

అక్కడ రెండు రాళ్ల దగ్గర కచ్చితంగా ఆగండి. ఒకటి నలగిరి ఏనుగు కథ. గుండ్రటి పతకంలాంటి రాయి. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తోంది, జనం మేడల మీంచి తొంగి చూస్తున్నారు, భయంతో ఒకావిడ పక్కవాణ్ణి పట్టుకుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి కాళ్ల ముందు మోకరిల్లింది. ముందూ వెనకా ఒకే ఫ్రేములో! ఫోటోలో చూస్తే ఆ తొక్కిసలాట తెలీదు, దగ్గరికెళ్లాలి. రెండోది స్తూపం మీద చెక్కిన స్తూపం బొమ్మ. రికర్షను మనకి కొత్తా చెప్పండి. కూలిపోయిన స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలిసేది చాలావరకు ఇలాంటి బొమ్మలవల్లే.

లండన్ శిల్పాల్ని వెనక్కి తేవాలని అప్పుడప్పుడూ గొంతు లేస్తుంది, ముఖ్యంగా 2014లో అమరావతిని రాజధానిగా ఎంచుకున్నాక. మంచిదే. కానీ ఎగ్మోరు సంగతేంటి? అవి 'అరవవాళ్లు పట్టుకుపోయినవి' కావు. 1880ల్లో మద్రాసు మనకీ రాజధానే. 1953లో రాష్ట్రం విడిపోయింది, రాళ్లు అక్కడే ఉండిపోయాయి. అడగడమంటూ జరిగితే నా మటుకు నాకు ముందు వీటినే అడగాలనిపిస్తుంది. అదికూడా స్తూపం దగ్గరే, కోల్ చెప్పినట్టు, సరైన భవనం కట్టాకే. ఖాళీ స్థలం చూపించి రాళ్లడిగితే ఎవరిస్తారు? ఆ శిల్పాల మీద 1942లో పెద్ద పుస్తకం రాసి ప్రపంచానికి పరిచయం చేసిన శివరామమూర్తిగారు కూడా తమిళులే, ఈ మ్యూజియంలో పనిచేసినవారే. ఆ ఋణం మర్చిపోయి మాట్లాడకూడదు.

అదే ఆవరణలో కంచు విగ్రహాల విభాగం ఉంది, తిరువాలంగాడు నటరాజు కోసమైనా వెళ్లండి. ఓపికుంటే ఇంకోరోజు సెయింట్ జార్జి కోటలో మ్యూజియం. 1639లో ఆ నేల ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చింది మన దామెర్ల వెంకటాద్రినాయకుడే, చెన్నపట్నం పేరు వాళ్ల నాన్నదే. రెండింటికీ శుక్రవారం వెళ్లకండి, ఎగ్మోరు మ్యూజియానికి సెలవు. ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయో ముందే ఫోను చేసి కనుక్కోండి, మరమ్మతులకని మూస్తుంటారు.