కరవు నేల మీద చిరుయంత్రం: ఘర్షణ చోదక సైకిలు, మోపెడ్, అనంతపురం పీఠభూమి

వ్యాససంగ్రహం

మామూలు సైకిలుకు చిన్న ఇంజను బిగించి, దాని రోలరును టైరుకు ఒత్తి నడిపే పద్ధతిని ఘర్షణ చోదనం అంటారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కొరతలో ఉన్న ఐరోపాలోనూ జపానులోనూ ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. కొరత శాశ్వతంగా ఉండే అనంతపురం పీఠభూమిలో ఇంజను గల సైకిలు స్థానాన్ని కర్మాగారంలో తయారైన మోపెడ్ ఆక్రమించింది. ఈ మార్పునకు యాంత్రిక కారణాలతోపాటు పశుపోషణ, అప్పు, చట్టం అనే మూడు సామాజిక కారణాలున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఘర్షణ చోదనం, సైకిలు, మోపెడ్, సువేగ, కరవు, అనంతపురం, గ్రామీణ సృజన, మోటారు వాహనాల చట్టం.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర చాలాకాలం ఆవిష్కర్తల చరిత్రగానే సాగింది. రైలు, ఆనకట్ట, ఉక్కు కర్మాగారం వంటి భారీ నిర్మాణాలకు దక్కిన చోటు సైకిలుకు, కుట్టుమిషనుకు, బియ్యపు మిల్లుకు దక్కలేదు. ఈ లోటును డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువరించిన ‘ఎవ్రీడే టెక్నాలజీ’ గ్రంథం కొంత పూరించింది. వలస భారతంలో విదేశాలనుంచి వచ్చిన చిన్న యంత్రాలు స్థానికుల చేతుల్లో కొత్త ప్రయోజనాలు పొందిన తీరును ఆయన అందులో వివరించాడు. అంతకుముందు 2006లో డేవిడ్ ఎడ్జర్టన్ ‘ద షాక్ ఆఫ్ ద ఓల్డ్’లో ఆవిష్కరణ కంటే వినియోగాన్ని, మరమ్మతును చరిత్రకు కేంద్రం చేయాలని వాదించాడు. ఈ రెండు దృష్టులను అనంతపురం వంటి మెట్ట ప్రాంతానికి అన్వయిస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. అతి తక్కువ ఖర్చుతో, అతి తక్కువ పనిముట్లతో తయారు చేసుకోగల యంత్రం అతి పేద నేలకు సరిపోవాలి కదా? అక్కడ నిలిచింది దానికంటే ఖరీదైన మోపెడ్ ఎందుకైంది?

2. ఘర్షణ చోదనం: పనితీరు, పరిమితులు

ఈ పద్ధతిలో గొలుసు, పళ్లచక్రం, గేరుపెట్టె ఉండవు. ఇంజను ఇరుసు చివర ఒక చిన్న రోలరు ఉంటుంది. స్ప్రింగు బలంతోనో, ఇంజను సొంత బరువుతోనో అది టైరును ఒత్తుకొని తిరుగుతుంది. రోలరును పైకెత్తితే వాహనం మళ్లీ మామూలు సైకిలవుతుంది.

వేగాన్ని నిర్ణయించేది రోలరు చుట్టుకొలత, ఇంజను భ్రమణాలు. 35 మి.మీ. వ్యాసం గల రోలరు చుట్టుకొలత సుమారు 110 మి.మీ. అది నిమిషానికి 5,000 సార్లు తిరిగితే, జారుడు లేనప్పుడు, బండి నిమిషానికి 550 మీటర్లు, అంటే గంటకు 33 కి.మీ. సాగుతుంది. ఈ లెక్కలో సైకిలు చక్రం పరిమాణానికి స్థానం లేదు. అందువల్ల ఒకే ఇంజను ఏ సైకిలుకైనా సరిపోతుంది. ఇంటి తయారీదారులను ఈ పద్ధతి ఆకర్షించడానికి ప్రధాన కారణం ఇదే.

పరిమితి కూడా ఇదే సూత్రంలో ఉంది. చక్రానికి అందే బలం రోలరు ఒత్తిడిపైనా, రబ్బరు పట్టుపైనా ఆధారపడుతుంది. మనిషితో కలిపి 100 కిలోల బరువున్న సైకిలు నూటికి 5 వంతుల ఎగువను ఎక్కాలంటే సుమారు 60 న్యూటన్ల బలం కావాలి. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే రోలరు టైరును 120 న్యూటన్లతో, అంటే 12 కిలోల బరువుతో సమానంగా ఒత్తాలి. వెనుక ఒక మనిషి, ఒక మూట చేరి మొత్తం 200 కిలోలైతే ఆ ఒత్తిడి రెట్టింపు కావాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ టైరు వేడెక్కి అరుగుతుంది. తడిసినప్పుడు పట్టు తప్పుతుంది. దుమ్ము చేరితే రోలరే ఆకురాయిగా మారుతుంది. అనంతపురంలో వాన తక్కువ కనుక తడి సమస్య అరుదు. కానీ ఎర్రనేలల గరుకు ఇసుక, పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఏడాది పొడవునా ఉంటాయి. యాంత్రిక భారమంతా టైరుపై మోపే పద్ధతికి ఈ నేల అనుకూలం కాదు.

3. యుద్ధానంతర కొరత: ఐరోపా, జపాను

ఫ్రాన్సులో 1946లో విపణిలోకి వచ్చిన వెలోసోలెక్స్ ఈ పద్ధతికి అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ. దాని ఇంజను ముందు చక్రం మీద ఉండి రోలరు ద్వారా ఆ చక్రాన్నే నడిపేది. ఫ్రాన్సులో దాని ఉత్పత్తి 1988 వరకు సాగింది. ఇటలీలో అదే 1946లో వచ్చిన గరెల్లి మస్కీటో 38 సీసీ ఇంజను పెడళ్ల కింద ఇమిడి వెనుక టైరును తిప్పేది. ఇంగ్లండులో 1949నుంచి ట్రోజన్ సంస్థ మినీమోటార్ పేరుతో వెనుక చక్రం మీద బిగించే ఇంజనును అమ్మింది.

జపాను ఉదాహరణ ఈ చర్చకు మరింత కీలకం. సోయిచిరో హోండా 1946లో సైన్యం వదిలేసిన వైర్‌లెస్ జనరేటర్ల చిన్న ఇంజనులను సేకరించి సైకిళ్లకు బిగించాడు. తొలి నమూనాలో ఇంధనపు తొట్టిగా వాడింది పక్క వెచ్చబెట్టుకొనే వేడినీటి సీసా. మొదట ఇంజనును ముందు చక్రం మీద పెట్టి ఘర్షణ చోదనాన్నే ప్రయత్నించారు. నాటి నాసిరకం టైర్లు దానికి తట్టుకోలేకపోవడంతో బెల్టు ద్వారా వెనుక చక్రాన్ని నడిపే పద్ధతికి మారారు. ఒక మహాసంస్థ చరిత్ర తొలి అడుగులోనే రోలరును వదలుకోవడంతో మొదలైంది. అందుకు కారణం ఇంజను లోపం కాదు, టైరు నాణ్యత. నున్నని రోడ్లు, మంచి రబ్బరు ఉన్నచోట ఘర్షణ చోదనం దశాబ్దాలు నిలిచింది. అవి లేనిచోట త్వరగా తప్పుకొంది.

4. పీఠభూమి: ఎద్దు, మేత, నగదు

అనంతపురం 1882లో బళ్లారినుంచి విడివడి జిల్లాగా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న దానినుంచి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి ఋతుపవనాలు, తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య ఋతుపవనాలు ఇక్కడికి బలహీనపడి చేరుతాయి. సాలుసరి సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. 1876–78 నాటి మహాక్షామం ఈ ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. ఇరవయ్యవ శతాబ్దంలో కొర్ర, జొన్న వంటి మెట్ట పైర్ల స్థానంలోకి వేరుశనగ విస్తరించింది. స్థానికులు శెనక్కాయ అని పిలిచే ఈ పంట రైతును విపణికి, నగదుకు, రవాణాకు ముడివేసింది.

కరవు మొదట కొట్టేది పశువును. మేత లేని ఏడాది కాడి ఎద్దులు సంతకు చేరుతాయి. మళ్లీ వాన పడినప్పుడు వాటిని కొనే స్తోమత చాలా ఇళ్లలో ఉండదు. ఎద్దుకు పనిలేని రోజున కూడా మేత కావాలి. ఇంజను నడిచినప్పుడే ఇంధనం తాగుతుంది. కరవు నేలలో యంత్రానికి ఉన్న అసలు ఆకర్షణ ఇది. అయితే ఎద్దు తినే మేత చాలావరకు పొలంలోనే పండుతుంది, అది తిరిగి పేడగా పొలానికే చేరుతుంది. పెట్రోలుకు మాత్రం చేతిలో డబ్బుండాలి. పంట పోయిన ఏడాది ఎద్దు ఆకలికి చస్తే, యంత్రం గోడకు ఆనుకొని నిలిచిపోతుంది. పశువునుంచి యంత్రానికి మారడమంటే మేత కరవునుంచి నగదు కరవుకు మారడమే.

5. సువేగనుంచి టీవీఎస్ వరకు

స్వాతంత్ర్యానంతరం సైకిలు దేశీయ పరిశ్రమగా స్థిరపడింది. టీఐ సైకిల్స్ 1949లో, అట్లాస్ 1951లో, హీరో సైకిల్స్ 1956లో ప్రారంభమయ్యాయి. దిగుమతులపై కట్టడి, పారిశ్రామిక లైసెన్సుల విధానం ఉన్న ఆ రోజుల్లో విడి ఇంజనులు విరివిగా దేశంలోకి వచ్చే మార్గం లేదు. విదేశీ సంస్థతో ఒప్పందం చేసుకొని పూర్తి వాహనాన్ని ఇక్కడ తయారుచేయడమే ఆమోదిత మార్గమైంది.

అందులో తొలి ప్రయత్నాల్లో ఒకటి రాయలసీమలోనే జరిగింది. తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ సంస్థ ఫ్రాన్సుకు చెందిన మోటోబెకాన్ సహకారంతో సువేగ మోపెడ్‌ను తయారుచేసింది. ఫ్రాన్సులో వెలోసోలెక్స్‌కు ప్రధాన పోటీదారు మోటోబెకాన్ వారి మోబిలెట్. ఆ పోటీలో రోలరు పక్షం కాక బెల్టు, గొలుసు పక్షం రాయలసీమకు చేరింది. 1972లో పూణేలో కైనెటిక్ సంస్థ పియాజియో సహకారంతో లూనాను తెచ్చింది. 1980లో హోసూరునుంచి వచ్చిన టీవీఎస్ 50 ఇద్దరు కూర్చోగల తొలి భారతీయ మోపెడ్.

రెండో సీటు చిన్న మార్పులా కనిపించినా మెట్ట గ్రామానికి అది నిర్ణాయకం. భార్యాభర్తలు కూలికి పోవాలన్నా, పాలక్యాన్లు, పచ్చిమేత మోపు, మందు కొట్టే పంపు, శెనక్కాయ మూట తరలించాలన్నా బరువు మోసే శక్తి కావాలి. రెండవ విభాగంలో చూపినట్లు ఘర్షణ చోదనం విఫలమయ్యేది సరిగ్గా బరువు దగ్గరే. పెడళ్లతో మొదలైన ఈ వాహనం క్రమంగా పెడళ్లను వదిలించుకొని ముందు చదునైన తావు గల సరుకు బండిగా మారింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్–6 ప్రమాణాలు అమలైన తరువాత కూడా టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 విపణిలో నిలిచింది.

6. చట్టం గీసిన గీత

కర్మాగారపు మోపెడ్‌కు ఇంటి తయారీ బండికి లేని మరో బలం కాగితం. రిజిస్ట్రేషను ఉన్న వాహనం తాకట్టుకు, వాయిదాల అప్పుకు, బీమాకు అర్హమవుతుంది. చేతిలో ఒకేసారి డబ్బు లేని మెట్టరైతుకు తక్కువ ధర కంటే వాయిదాల సౌకర్యం ఎక్కువ అక్కరకొస్తుంది. సొంతంగా బిగించుకున్న ఇంజను సైకిలు ఎంత చవకైనా దానికి అప్పిచ్చేవారుండరు.

1988 మోటారు వాహనాల చట్టం ‘మోటారు వాహనం’ నిర్వచనంనుంచి నాలుగు చక్రాల కంటే తక్కువగా ఉండి 35 సీసీ మించని ఇంజను గల బండ్లను మొదట మినహాయించింది. 1994 సవరణ ఈ పరిమితిని 25 సీసీకి తగ్గించింది. మస్కీటో తరహా 38 సీసీ ఇంజను రెండు పరిమితులకూ వెలుపలిదే. మందు పంపులకు, కలుపుకోత యంత్రాలకు వాడే చిన్న ఇంజనుల్లో 25 సీసీ దాటి 35 సీసీ లోపు ఉండేవాటిని మాత్రం ఈ సవరణ నేరుగా తాకింది. గ్రామీణ మెకానిక్‌కు సులువుగా దొరికేవి సాధారణంగా అలాంటి ఇంజనులే. మరోవైపు, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోడ్డు భద్రత దృష్ట్యా ఈ కట్టడికి కారణం ఉంది. పెట్రోలు ఇంజను బరువుకు, వేగానికి సైకిలు బ్రేకులు, ఫోర్కు రూపొందలేదు. అయినా దీని ఫలితంగా ఇంటి తయారీ బండి చట్టానికి, దాంతోపాటు అధికారిక గణాంకాలకూ కనిపించకుండా పోతుంది.

విద్యుత్తు విషయంలో చట్టం మరో తీరుగా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం 0.25 కిలోవాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కి.మీ. లోపు వేగంతో నడిచే నిర్ణీత బ్యాటరీ వాహనం మోటారు వాహనం కిందికి రాదు. పెట్రోలుకు మూసిన తలుపు కొంతమేర బ్యాటరీకి తెరిచి ఉంది.

7. పాత సైకిలు, కొత్త సేద్యం

ఇంటి సృజన రోడ్డు మీద ఆగినా చేలో ఆగలేదు. మహారాష్ట్ర జలగావ్ జిల్లాకు చెందిన గోపాల్ మల్హారీ భిసే ఎద్దులు కొనలేని స్థితిలో పాత సైకిలు చక్రం, హ్యాండిలుతో కలుపుతీసే గుంటకను రూపొందించాడు. గుజరాత్ అమ్రేలీ జిల్లాలో మన్సుఖ్‌భాయి జగానీ 1994లో బుల్లెట్ మోటారుసైకిలు వెనుక చక్రం తీసి సేద్యపు పనిముట్లు బిగించాడు. అమ్రేలీ ఉన్న సౌరాష్ట్ర కూడా అనంతపురంలాగే వేరుశనగ పండే కరవు ప్రాంతం కావడం గమనార్హం. ఇటువంటి సృజనను నమోదు చేయడానికి హనీబీ నెట్‌వర్క్, 2000లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఏర్పడ్డాయి. తెలుగునాట పల్లె సృజన సంస్థ ఆ పని చేస్తోంది. ఆసు యంత్రాన్ని రూపొందించిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ లభించడం ఈ కృషికి దక్కిన గుర్తింపు.

ఈ ఉదాహరణలన్నింటికీ ఒక సామ్యం ఉంది. చేలో నడిచే పనిముట్టుకు రిజిస్ట్రేషను అక్కరలేదు; అది చెడితే ఊరి కమ్మరి, వెల్డరు బాగుచేయగలరు; దాని భారం నేలపై పడుతుంది కాని టైరుపై పడదు. రోలరు ఇంజనుకు పీఠభూమి నిరాకరించిన అనుకూలతలన్నీ సైకిలు గుంటకకు దొరికాయి.

8. ముగింపు

ఘర్షణ చోదక సైకిలు తాత్కాలిక కొరతకు పుట్టిన యంత్రం. మంచి రోడ్డు, మంచి టైరు, ఒక్క మనిషి బరువు, ఉదారమైన చట్టం దానికి ఊపిరి. అనంతపురం పీఠభూమిలో కొరత శాశ్వతం, రోడ్డు గరుకు, బరువు రెట్టింపు. అందువల్ల అక్కడ తిరుపతి, హోసూరు మోపెడ్లు నిలదొక్కుకున్నాయి. అయితే ఈ విజయాన్ని కేవలం యంత్రం గొప్పదనంగా చదవడం అసంపూర్ణం. ఎద్దు అమ్ముడుపోవడం, వాయిదాల అప్పు దొరకడం, చట్టం ఒక తయారీని గుర్తించి మరొకదాన్ని వదిలేయడం కూడా అందులో భాగమే.

2024లో లూనా పేరు విద్యుత్తు వాహనంగా తిరిగి వచ్చింది. పెట్రోలు తరం ముగిసి బ్యాటరీ తరం మొదలవుతున్న ఈ దశలో పాత ప్రశ్నే కొత్త రూపంలో నిలిచి ఉంది. మెట్టరైతుకు అందే యంత్రం అతడు విప్పి బాగుచేసుకోగలిగేదిగా ఉంటుందా, అప్పు తీరేవరకు మరొకరి ఆస్తిగానే మిగులుతుందా? ఊరి మెకానిక్ దుకాణాలను, సంతలను, పాత వాహనాల మార్కెట్లను ఆధారాలుగా స్వీకరించే స్థానిక సాంకేతిక చరిత్ర మాత్రమే దీనికి సమాధానం చెప్పగలదు.