కొన్నది మనదేనా? – స్టీమ్ చరిత్ర చెప్పే సంగతి

గేమ్స్ గురించి మనం మాట్లాడుకోవడం రోజూ ఉండేదే. ఈసారి ఆ గేమ్స్ మన కంప్యూటర్లోకి వచ్చే దారి ఎలా మారిందో రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఒకప్పుడు గేమ్ అంటే డబ్బాలో వచ్చే సీడీ. డబ్బులు కడితే అది మన చేతికి వచ్చేది. ఫ్రెండుకి ఇవ్వొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు. దుకాణం మూతపడినా సీడీ మన దగ్గరే ఉంటుంది.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికొచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ 1996లో అమెరికాలో వాల్వ్ అనే కంపెనీ పెట్టారు. దాని గేమ్ కౌంటర్ స్ట్రైక్‌ను లోకమంతా ఆన్‌లైన్‌లో ఆడేది. ఇబ్బందల్లా అప్‌డేట్లతోనే. కొందరి దగ్గర పాతది, కొందరి దగ్గర కొత్తది ఉంటే కలిసి ఆడటం కుదరదు కదా. అందుకని 2003 సెప్టెంబర్ 12న స్టీమ్ తెచ్చారు. అప్పటికి అది పెద్ద అంగడి కాదు, ముఖ్యంగా అప్‌డేట్లు అందరికీ ఒకేసారి పంపే ఏర్పాటు.

అసలు మలుపు 2004 నవంబర్ 16న వచ్చింది. ఆ రోజు హాఫ్ లైఫ్ 2 విడుదలైంది. దుకాణంలో డిస్క్ కొన్నవాళ్లు కూడా స్టీమ్ అకౌంట్ తెరిచి, ఇంటర్నెట్‌లో యాక్టివేట్ చేసుకుంటేనే ఆట మొదలయ్యేది. చాలామంది తిట్టుకున్నారు, అయినా ఆట కోసం అకౌంట్ తెరిచారు. 2005లో బయటి కంపెనీల గేమ్స్ కూడా అక్కడ అమ్మకానికొచ్చాయి. 2008లో ఆపిల్ యాప్ స్టోర్, ఆండ్రాయిడ్ మార్కెట్ వచ్చి ఇదే పద్ధతిని ఫోన్లలోకి తెచ్చాయి.

దీనివల్ల మేలు లేకపోలేదు. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి తయారుచేసిన స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో స్టీమ్‌లో విడుదలై లక్షల మందికి చేరింది. కాకపోతే అమ్మకంలో 30 శాతం అంగడి వాటా. 2018లో ఎపిక్ స్టోర్ 12 శాతానికే వచ్చాక ఆ వాటా మీద గట్టి చర్చ నడిచింది.

ఇక మనం ఆలోచించాల్సింది ఇది. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ద క్రూ అనే రేసింగ్ గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డిస్క్ కొన్నవాళ్లకు కూడా ఆట పోయింది. కారణం, వాళ్లు కొన్నది గేమ్ కాదు, ఆడుకునే లైసెన్స్ మాత్రమే. చేతిలో పట్టా ఉండటానికీ, దున్నుకోమని ఎవరో అనుమతి ఇవ్వడానికీ తేడా ఏంటో మనోళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఏడాదే కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. ఇచ్చేది లైసెన్స్ అయితే ఆ మాట కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది.

వేరే దారి కూడా ఉంది. 2008లో పోలండ్‌లో మొదలైన జీఓజీ అనే అంగడి తాళం లేని ఇన్‌స్టాలర్ ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే నెట్ లేకపోయినా ఇన్‌స్టాల్ అవుతుంది. లిబ్రే ఆఫీస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నైతే కాపీ చేసి పదిమందికి పంచినా తప్పు లేదు. సిగ్నల్ సరిగా అందని ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి దేనికైనా ఖర్చు పెట్టే ముందు ఒక్కటి చూసుకోండి: రేపు ఆ అంగడి మూతపడితే మన చేతిలో ఏం మిగులుతుంది?