కంటి వెనుక గోడ

లేపాక్షి గుడిలో గోడమీది రెండు ఎర్రని మరకలను చూపి, అవి విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి కొట్టిన గుర్తులని చెప్పుదురు. అచ్యుతదేవరాయల కాలమున పెనుగొండలో అధికారము నెరపినవాడాతడు. కథ నిజమో కాదో గాని, ఆ గ్రుడ్డితనమునకు గోడమీద గుర్తైనను మిగిలినది. నేత్రపటలము చెడినపుడు బయట ఏ గుర్తూ నుండదు.

శుక్లమైనచో కనుపాపలోని తెలుపు ఇంటివారికే కనబడును. సుశ్రుతుని నాడే దానిని సూదితో ప్రక్కకు త్రోయుట మన వైద్యులెరుగుదురు. కంటి వెనుక గోడకు అంటియుండు పలుచని పొర నేత్రపటలము. అది చెడినను కన్ను పైకి నిర్మలము. నొప్పియు సాధారణముగ నుండదు. 1851లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ చిన్న అద్దముతో వెలుతురును కనుపాపలోనికి పంపి లోపలి గోడను చూచు సాధనమును ప్రకటించిన పిమ్మటనే ఆ జబ్బులకు వేరువేరు పేర్లు ఏర్పడినవి.

చికిత్స కథ మరింత చిత్రమైనది. గ్రహణమును వట్టి కంటితో చూడరాదని మన పెద్దల మాట. 1945 సూర్యగ్రహణమును అట్లు చూచి నేత్రపటలము కాల్చుకొనినవారిని జర్మనీలో మేయర్ ష్వికెరాథ్ అను వైద్యుడు పరీక్షించెను. ఆ కాలుటయే మందు కారాదా యని ఆతనికి తోచెను. 1949 ప్రాంతమున ఎండనే అద్దములతో పట్టి రోగి కంటిలోనికి పంపెను! మబ్బు పట్టిన దినమున వైద్యము లేదన్నమాట. తరువాత దీపము, 1960లలో లేజరు వచ్చినవి.

ఈ ప్రాంతపు రోగులకు చిరకాలముగ దారి బెంగుళూరు రైలే. అచట 1913లో మింటో కంటి ఆసుపత్రి నేటి భవనమునకు చేరినది. 1991 నవంబరులో పుట్టపర్తివద్ద ఉచిత వైద్యాలయము వెలసెను. కంటి చికిత్స అందును కలదు.

అయినను ఒక పాత మాట హాని చేయుచున్నది: “పొర ముదరనీ, తరువాత చూతము.” శుక్లమునకు ఒకప్పుడు అది చెల్లినది. మధుమేహమువలన నేత్రపటలమున రక్తము కారునపుడు చెల్లదు. లేజరు ఉన్న చూపును నిలుపును. పోయినదానిని సాధారణముగ మరల తేదు. ధర్మవరమున జరీపోగు వంకరగా తోచిన నేతగాడు అద్దములు మార్చుకొని ఊరకుండరాదు. మధుమేహులు ఏటేట కంటి లోపలి గోడను చూపించుకొనవలెను. మెరుపులు, నల్లని నలుసులు, తెర దిగినట్లు నీడ హఠాత్తుగ కనబడినచో ఆ దినమే పోవలెను. పరీక్షకు చుక్కలు వేసిన పిమ్మట కొన్ని గంటలు చూపు మసకబారును గనుక ఇంటినుండి ఒకరిని తోడు తీసికొనిపోవుట మేలు.